ముందుగది స్పీకర్లు

ముందుగదిలో కాలిన వాసన వచ్చింది.

"ఏం చేశావురా?" అంది కుర్చీలోంచి క్లారా. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. తుంటి విరిగినప్పట్నుంచి పగలంతా ఆ కుర్చీలోనే.

"ఏం చెయ్యలేదమ్మా," అన్నాడు కొడుకు వెండెల్. "టీవీ యాంప్లిఫయర్ తీగలూ, ఇల్లంతటికీ రేడియో పాటలు పంపే యాంప్లిఫయర్ తీగలూ ఈ స్పీకర్లకే కలిపాను. ఏది పెడితే అది మోగుతుంది కదా అని."

"మోగిందా?"

"రెండూ ఆగిపోయాయి."

అమెరికాలో మా మిల్వాకీ ఊళ్లో ఈ పొరపాటు చెయ్యని మగాణ్ణి చూపించండి, నేను నమ్మను. గదిగదికీ కప్పులో స్పీకర్లు పెట్టించుకుంటారు. ముందుగదిలో మాత్రం పెద్ద పాత స్పీకర్లు అలాగే ఉంచుతారు. ఫుట్‌బాల్ ఆటా వాటిలోనే రావాలి, ఇల్లంతా మోగే పాటలూ వాటిలోనే రావాలి. తెలిసినవాణ్ణి అడగడానికి మాత్రం నామోషీ.

ఇంకో రోజైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లే. కానీ ఆ ఆదివారం పదకొండింటికి రేడియోలో అందరూ రోమన్ మామ అని పిలిచే ఆయన నడిపిన పోల్కా డాన్సు పాటల గంట ఆఖరిసారి వస్తోంది. రెండేళ్లుగా పాత టేపులే వేస్తున్నారు. ఇకమీద అవీ ఉండవు. క్లారా ఉత్తరం రాసి బతిమాలితే, తన యాభయ్యో పెళ్లిరోజు నాటి టేపు వేస్తామన్నారు. అందులో రోమన్ మామ ఆమె పేరూ, పోయిన భర్త కాసిమిర్ పేరూ కలిపి చదువుతాడు.

"వంటింట్లో చిన్న రేడియో ఉంది, తేనా అత్తయ్యా?" అంది కోడలు జెనీవ్.

"అందులో మీ మామగారి పేరు ఈగ గొణిగినట్టుంటుంది. నా చెవికి అందదు. ఇవి ఆయన కొన్న స్పీకర్లు. ఆ రోజు వీటి ముందే విన్నాం."

జెనీవ్ షాపుకి ఫోన్ చేసింది. ఆదివారం ఎవరూ రారన్నారు. అత్తగారి సంగతంతా చెబితే, ఒకాయన్ని అడిగి చూస్తామన్నారు.

పదింబావుకి ఒక సన్నటి మనిషి వచ్చాడు. మెడకి మఫ్లర్, చేతిలో పనిముట్ల పెట్టె. పలకరిస్తే జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసి చూపించాడు.

"మాట రాదు. చెవులు బాగానే పనిచేస్తాయి. ఏది కాలింది?"

వెండెల్ చూపించాడు. ఆయన తీగలు చూసి మళ్లీ రాశాడు.

"ఒకే గొట్టంలోకి రెండు వైపుల నుంచీ నీళ్లు తోశారు."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు వెండెల్.

"నువ్వేం అనుకోలేదు," అంది క్లారా.

టీవీ యాంప్లిఫయర్ కాలిపోయింది. రెండోది మాత్రం అలిగి ఆగిందే తప్ప చావలేదని రాశాడాయన.

"మరి మధ్యాహ్నం ఫుట్‌బాల్?" అన్నాడు వెండెల్.

"ఇవాళ్టికి పోల్కా," అని రాశాడాయన.

క్లారా కిసుక్కున నవ్వింది.

ఆయన పెట్టెలోంచి అరచేతిలో పట్టే స్విచ్చు డబ్బా తీశాడు. రెండు వైపుల తీగలూ డబ్బాలోకి, డబ్బాలోంచి స్పీకర్లకి. మీట ఎడమకి తిప్పితే టీవీ, కుడికి తిప్పితే ఇల్లంతా మోగే పాటలు.

"రెండూ ఒకేసారి తగలవు. మీరు ఎంత ప్రయత్నించినా సరే," అని వెండెల్‌కి రాసిచ్చాడు.

పదకొండయ్యింది. మీట కుడికి తిప్పాడు.

"లేవండి లేవండి, కుర్చీలు పక్కకి లాగండి," అంటూ రోమన్ మామ గొంతు వంటింట్లోనూ, మేడ మీదా, ముందుగదిలో ఆ పెద్ద స్పీకర్లలోనూ ఒక్కసారిగా వినపడింది.

ఆ మనిషి స్పీకర్ల ముందే నిలబడిపోయాడు.

"నాయనా, గోడలా నిలబడ్డావు, పక్కకి జరుగు," అంది క్లారా. ఆయన నవ్వి జరిగాడు. "ఆ గొంతు విన్నావా? నెయ్యి కరిగినట్టుంటుంది. అలాంటివాడు మమ్మల్ని పాత టేపులకి వదిలేసి ఫ్లోరిడా పోయి ఎండలో పడుకున్నాడట. మనిషన్నాక కాస్త విశ్వాసం ఉండొద్దూ?"

ఆయన పుస్తకం తీశాడు.

"ఎడమ స్పీకరు సరిగ్గా వినపడుతోందా?"

"బంగారంలా వినపడుతోంది. ష్, వచ్చింది వచ్చింది."

"క్లారాకీ కాసిమిర్‌కీ పెళ్లై యాభై ఏళ్లు," అంటోంది రేడియో. "కాసిమిర్, ఈసారైనా ఆవిడ కాలు తొక్కకు."

క్లారా గట్టిగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. చాలా ఏళ్ల తర్వాత ఆమెకి కడుపు నిండినట్టయింది.

పెట్టెలో పనిముట్లు గలగలలాడాయి. చప్పుడు చెయ్యొద్దని వెండెల్ సైగ చేసి, ఆయన్ని గుమ్మం దాకా తీసుకెళ్లాడు. జామ్ నింపి నూనెలో వేయించిన పోంచ్కీ బూరెలు రెండు కాగితంలో చుట్టి ఇచ్చింది జెనీవ్. ఆయన గుమ్మంలో ఆగి పాట వింటుంటే, చలిగాలి వస్తోందని వెండెల్ మెల్లగా తలుపు వేశాడు.

పన్నెండుకి పాటలు అయిపోయాయి. ఒక అమ్మాయి గొంతు వచ్చింది.

"రోమన్ మామ ఎక్కడని అందరూ అడుగుతున్నారు. ఆయన ఊరు వదలలేదండీ. రెండేళ్ల కిందట గొంతు ఆపరేషన్‌లో మాట పోయింది."

"సౌండు పెంచరా," అంది క్లారా.

"ఆఖరి రోజు కదా, స్టూడియోలో మా పక్కన కూర్చోండి చాలు అని పిలిచాం. 'రాలేను, ఒక పెద్దావిడ ఈ కార్యక్రమం కోసం కూర్చుని ఉంది, వాళ్లింట్లో స్పీకర్లు మోగడం లేదట' అని ఈ పొద్దున్నే రాసి పంపించారు."