ఒక్క ‘ఊఁ’తో వాంగ్మూలం

“నోట్లోంచి మాటే రానోని దగ్గర వాంగ్మూలం ఎట్ల తీసుకునేదమ్మా?” ఎస్సై గురుస్వామి విసుక్కున్నాడు.

నంద్యాల ఆసుపత్రి మంచం మీద జోసెఫ్ కదలకుండా పడి ఉన్నాడు. దవడకు తీగలు, నాలుకకు కుట్లు, మెడకు పట్టీ, రెండు చేతులకూ సిమెంటు కట్లు. పక్కనే చెల్లెలు దెబోరా, నుదుటి మీద గాయంతో నిలబడి ఉంది.

“ఊఁ అనగలడు సార్. నాకర్థమైతాది. చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా అమ్మకు తెలీకుండా మాట్లాడుకునేకి మేమిద్దరం చేసుకున్న భాష.”

“ఒక్క ఊఁతో భాషేందీ?”

“గొంతును బట్టి మాట మారతాది సార్. పైన అంటే అవును. కింద అంటే కాదు. కింద నుంచి పైకి పోతే నేను, పై నుంచి కిందికి దిగితే నువ్వు. సాగదీస్తే అయిపోయిన పని.”

గురుస్వామి నమ్మలేదు. మంచం మీదికి వంగాడు.

“నీ పేరు సురేషా?”

“ఊఁ.” గొంతు అడుగున పలికింది.

“ఇది నంద్యాలేనా?”

ఈసారి పైన.

ఎస్సై ఫోన్లో రికార్డింగ్ పెట్టాడు. “అహోబిలం దోవలో మీ జీపు గుద్దిన పెద్దయ్య పొద్దున చచ్చిపోయినాడు. ఆయప్ప పెండ్లాం బయట కూర్చోనుంది. నిజం చెప్పు. జీపు ఎవరు నడిపినారు?”

జోసెఫ్ గొంతు అడుగు నుంచి లేచి, పైకి పోయి, అక్కడే సాగింది.

దెబోరా ముఖం పాలిపోయింది.

“ఏమన్నాడు?”

ఆమె అన్న చెవి దగ్గరికి వంగి, తానూ ఊఁలతోనే ఏదో అడిగింది. జోసెఫ్ వెంటనే బదులిచ్చాడు. కింద. మళ్లీ కింద, గట్టిగా.

“ఏయ్, ఏమడిగినావ్?”

“నొప్పిగా ఉందా అని సార్. లేదంటాండాడు.”

“జీపు సంగతి చెప్పు ముందు.”

దెబోరా కళ్లు మూసుకుంది. “నేనే నడిపినా అంటాండాడు.”

గురుస్వామి మళ్లీ జోసెఫ్ వైపు తిరిగాడు. “బాగా ఆలోచించుకో. జైలుకు పోతావ్. నడిపింది నువ్వేనా?”

“ఊఁ.”

పైన. ఎక్కడా వణుకు లేదు.

ఎస్సై ఫోన్ జేబులో వేసుకున్నాడు. “సొంత అన్న మీద నీ నోటితో చెప్పాల్సొచ్చె. కష్టమేలేమ్మా” అంటూ బయటికి నడిచాడు.

తలుపు తెరుచుకోగానే వరండాలోంచి పెద్దయ్య భార్య ఏడుపు లోపలికి వచ్చింది. దెబోరా మంచం పక్కన కూలబడి, అన్న సిమెంటు కట్టుకు తల ఆనించింది.

జీపు నడిపింది దెబోరా.