మూడో పువ్వు దగ్గర

ఆ ఉదయం కొల్లేరు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. కురవలేదు, కదల్లేదు. ఉక్కపోసింది.

ఫిరోజ్ కంప్యూటరూ అలాగే బిగుసుకుపోయింది.

"మళ్లీ మూడో పువ్వు దగ్గరే" అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఏలూరులో వాళ్లది తివాచీలు నేసే ఇల్లు. డిజైన్లన్నీ ఓ పాత పీసీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. గీసిన చెయ్యి ఎలా నడిచిందో అలాగే తెర మీద మళ్లీ గీసి చూపించడం దాని పద్ధతి. కొత్త నేతగాళ్లు చూసి నేర్చుకోవాలని అలా చేశారట. మొత్తం గీస్తేగానీ ప్రింటు ఇవ్వదు.

తమ్మిలేరు నీళ్లు ఇంట్లోకొచ్చినప్పుడు ఆ పీసీ పాడైంది. ఫిరోజ్ ఏదో కాలేజీ వేలంలో యూనిక్స్ వర్క్‌స్టేషన్ కొన్నాడు. అందులో, పీసీలా నటించే ఎమ్యులేటర్ పెట్టి పాత సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాడు. పాత పీసీని నడిపింది తండ్రే. తన చేతికొచ్చినప్పట్నుంచీ ఫిరోజ్‌కి ఈ బాధ.

మధ్యాహ్నం తణుకు నుంచి హోటలాయన వస్తాడు. ప్రింటు చూపిస్తేనే ఆర్డరు. లేదంటే మిషను తివాచీలు కొనుక్కుంటానని ముందే చెప్పాడు. ఈ ఆర్డరు పోతే ఇక మగ్గం విప్పెయ్యడమే.

ఎమ్యులేటర్‌కి మెమరీ పెంచాడు. స్పీడు పెంచాడు. మిగతా పువ్వులు చకచకా వచ్చేస్తున్నాయి. అక్కడికొచ్చేసరికి మాత్రం కర్సర్ కదలదు. ప్రతిసారీ ఆపేసి మళ్లీ మొదట్నుంచీ నడుపుతున్నాడు.

తండ్రి నన్నే సాహెబ్‌ని చూస్తే ఇంకా ఒళ్లు మండుతోంది. ఈ డిజైన్లు గీసిన భార్య ఆబిదా పోయినప్పట్నుంచీ వంట ఆయనదే. తెర ముందు కూర్చుని చూసినంతసేపు చూస్తాడు. అది ఆగగానే లేచి వంటింట్లోకి పోతాడు.

"మీకేం పట్టదా అబ్బాజాన్?" అన్నాడు ఫిరోజ్. ఆయన బియ్యం కడుగుతున్నాడు.

తాడేపల్లిగూడెం నుంచి పిలిపించిన మెకానిక్ మధుబాబు అన్నీ తిప్పి చూశాడు.

"దీనికి ఆయాసమేం లేదండీ. పనిలేక గోళ్లు గిల్లుకుంటోంది. ఆగడమన్నది ఆ డిజైన్ ఫైల్లోనే ఉంది, గడియారం లెక్కన. అంతమేరా కోసేస్తే సరి."

"కోసెయ్యండి."

నన్నే సాహెబ్ వంటింట్లోంచి వచ్చాడు. మధుబాబు చేతిని కీబోర్డు మీంచి మెల్లగా తీశాడు.

"ముందు భోంచెయ్యండి బాబూ. చేతులు కడిగేలోగా అదే కదులుతుంది."

"ఆయనొచ్చే వేళైంది అబ్బాజాన్!"

"అన్నం వార్చేశాను. రండి."

ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. కొరమీను పులుసు. ఫిరోజ్ ముద్ద కలుపుతున్నాడన్న మాటేగానీ కళ్లు తెర మీదే ఉన్నాయి.

సగం తిన్నారో లేదో, కర్సర్ కదిలింది. మూడో పువ్వుకి మిగిలిన రెక్క గీయడం మొదలుపెట్టింది.

"అన్నం వార్చి వచ్చింది మీ అమ్మ" అన్నాడు నన్నే సాహెబ్, పళ్లెంలోంచి తల ఎత్తకుండానే.