జూన్ ఒకటో తేదీ పిల్లలు

“సుందరా, నీ పిల్లలందరూ పాసైపోయినారు” అంటూ బాలగోపాల కవరు ఎత్తి పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు.

సుందరవల్లి చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది.

వాళ్లకు పెళ్లయి నాలుగు నెలలే. పిల్లలంటే మిల్లు వెనక వీధి పిల్లలు, అరవై ముగ్గురు.

“నాకొచ్చిన లెటరు మీరెట్ల చింపినారు?”

“మద్రాసు ముద్ర చూసినాను. చెయ్యి ఆగలేదు.”

యూనివర్సిటీవాళ్లు పిల్లల చదువు మీద, ఎదుగుదల మీద పరిశోధన మొదలుపెట్టారు. బిడ్డకొక ఫారం. ఎత్తు, బరువు, ఆడే ఆటలు, ఇంట్లో వినే కథలు. అన్నిటికన్నా ముందు వయసు. తమిళనాట రాజపాళయంలో ఆ ఫారాలు నింపే పని బి.ఏ. చదివిన ఈ కొత్త కోడలికి దొరికింది. ఆ రోజు ఆమె కాళ్లు నేల మీద లేవు.

వయసులకేముంది, బడి రిజిస్టరు చూసి చకచకా ఎక్కించింది.

నెల కిందట మొదటి ఉత్తరం వచ్చింది.

“మీ ఊళ్లో అరవై ముగ్గురు పిల్లల్లో నలభై ఒక్కరు జూన్ ఒకటో తేదీన పుట్టారు. ఇది ఎలా సాధ్యం? పదిహేను రోజుల్లో సరిచేసి పంపకపోతే మీ ఊరి ఫారాలన్నీ తీసేస్తాం.”

పుట్టినరోజు తెలియని ప్రతి బిడ్డకూ బళ్లో జూన్ ఒకటే వేస్తారని ఊరంతటికీ తెలుసు. సుందరవల్లికే తెలియదు.

“నువ్వు మాత్రం జూన్ ఒకటి కాదు గదా?” అని బాలగోపాల ఆటపట్టించాడు.

ఆమెకు నవ్వు రాలేదు. రెండు నెలలు ఎండలో తిరిగిన పని నీళ్లపాలయ్యేలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ వీధి మొదట అరుగు మీద కూర్చునే ముసలమ్మ, వీధికంతా పాట్టి, అంటే అవ్వ. మొదటి రోజే, ఒక పిల్లవాడి పుట్టిన తేదీ చదువుతుంటే అడ్డం తగిలింది.

“అది తప్పు తాయీ. వీడు మాసి నెల బిడ్డ. పత్తి ఏరబోయిన చోట వీళ్లమ్మకి నొప్పులొచ్చినాయి.”

“ఎక్కడ రాసి ఉండాది పాట్టీ? ఆధారమేమి?”

“రాత లేదు తాయీ. ఈ చేతులుండాయి.”

సుందరవల్లి నవ్వేసి ముందుకు పోయింది.

ఇప్పుడు తనే ఆ అరుగు వెతుక్కుంటూ వెళ్లింది.

“ఆ పొద్దు నవ్వినాను పాట్టీ. మనసులో పెట్టుకోవద్దు.”

“నవ్వే వయసే గదా. కూర్చో. ఎవరి నించి మొదలుపెడదాము?”

తొమ్మిది రోజులు పట్టింది. ముసలమ్మ నెలా పండుగా చెప్పింది. సుందరవల్లి మామగారి పాత పంచాంగాలు తిరగేసి తేదీలు కట్టింది.

“చెరువుకట్ట తెగినాది చూడు, దానికి మూడో నాడు ఇది పుట్టినాది.”

“మరి ఈ కవలలు?”

“పెద్దది ఆడి నెల కడసరి నాడు, చిన్నది ఆవణి నెల మొదటి నాడు. ఒకే కడుపు, రెండు నెలలు. నడుమ నాకు కాఫీ కూడా లేదు.”

రాసుకుంటూ సుందరవల్లి పకపకా నవ్వింది. ఈసారి ముసలమ్మా నవ్వింది.

ఫారంలో ‘ఆధారం’ అన్న గడి ఒకటుంది. అందులో ‘వీధిలో ఒక ముసలమ్మ’ అని రాసి పంపింది.

ఆ ఫారాలకు జవాబే ఈ కవరు. బాలగోపాల గొంతు సవరించుకుని చదివాడు.

“మునిసిపాలిటీ జనన రిజిస్టరులో దొరికిన పన్నెండు పేర్లతో పోల్చి చూశాం. పన్నెండు తేదీలూ సరిపోయాయి. మీ ఫారాలు తీసుకుంటున్నాం.”

పెనం మీద దోసె మాడిపోయింది.

“మాడనీ, నేనే తింటాను” అన్నాడు బాలగోపాల. “ఇంకొక వరుస ఉండాది. ‘ఆ ముసలమ్మ పేరు పంపండి. మా రిపోర్టులో వేస్తాం.’ ఏమి పేరు?”

సుందరవల్లి ఉత్తరం అందుకుని ఆ వరుస మళ్లీ చదివింది.

తొమ్మిది రోజులు ముసలమ్మ పక్కన కూర్చుంది. ఆమె ఒడిలోని వేరుశనక్కాయలు తింది. పేరు అడగలేదు.

“అత్తా, ఆ పాట్టి పేరేమి?”

అత్త మంగళం చింతపండు పిసుకుతూ తల తిప్పలేదు. “శంకరియమ్మాళ్. మంత్రసాని, మరుత్తువచ్చి అంటారు. ఈ ఊళ్లో సగం మందికి బొడ్డు కోసినది ఆమే.”

“రేపు పోయి లెటరు చదివి వినిపిస్తాను.”

“అరుగు మీద ఎవరుండారు? మొన్ననే మూట కట్టుకొని సేత్తూరు పోయినాది, కూతురింటికి. ఇంక రాదంట.”

“ఏమిటికి?”

“ఇప్పుడెవరు పిలుస్తారు ఆమెని? అందరికీ ఆస్పత్రి ఉండాది.”

సుందరవల్లి పొయ్యి ఆర్పింది. “మొదటి నాడు నేను ఆమెని ఆధారం అడిగినాను అత్తా.”

“ఏమి చెప్పినాది?”

“చేతులు చూపించినాది.”

“అంతేనా? ఇంకొకటి ఉండె. చెప్పలేదా?”

“లేదే.”

“చెప్పదు. ఆమె గుణమది.”

మంగళం చేతులు కడుక్కుని వచ్చి, కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది.

“రేపు పొద్దున మొదటి బస్సుకి ఇద్దరూ సేత్తూరు పోండి. మన ఇంట్లో గడియారం లేని కాలాన, వాకిట్లో తన నీడ కొలిచి వీడు పుట్టిన గడియ జోస్యునికి చెప్పినది ఆమే. పెళ్లి పొంతన చూసి పదికి తొమ్మిది పొరుత్తం కుదిరిందని మీ నాయన మురిసిపోయినాడే, వీడి జాతకానికి ఆమె నోటి మాట తప్ప వేరే ఆధారం లేదు పిల్లా.”