మందో పిండో

“రాసినావా పాపా? ఆపరేషన్ నాకొద్దని రాయి. మిగతాది నిదానంగా చెప్తా.”

ఝాన్సీ రాయలేదు. పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని తాత వైపు చూసింది.

ఆశీర్వాదం దిండ్లకు ఆనుకుని మంచం మీద కూర్చున్నాడు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. ఒకప్పుడు పెనుకొండ కొండెక్కి కట్టెలమోపు దించిన మనిషి. ఇప్పుడు వాకిలి దాకా పోవాలన్నా గోడ పట్టుకోవాలి. ఎస్టీడీ ఫోన్ బూత్ బస్టాండు దగ్గరుంది. అంతదూరం నడవలేక, తను చెప్పేది రాసుకుని పోయి ఫోనులో కొడుక్కి చదివి వినిపించమన్నాడు. కొడుకు కిషోర్ ధర్మవరంలో పట్టుమగ్గం నేస్తాడు.

“నాయన సోమవారం కారు మాట్లాడుకొని వస్తాండాడు తాతా. బెంగుళూరులో ఆపరేషన్‌కు దుడ్లు కూడా వద్దన్న్యాడు డాక్టరు. ఇంగేం కావల్ల నీకు?”

“కోయించుకుంటే మాత్రలు ఆపేస్తారంట.”

“ఆపితే ఆపనీ. ఆ మాత్రలు ఏం ఉద్ధరించినాయని?”

హిందూపురంలో గుండె జబ్బుల శిబిరం పెట్టినప్పుడు తాతా అవ్వా కలిసే పోయారు. ఇద్దరికీ ఈసీజీ తీశారు. తాత గుండెకు రక్తం పోయే నాళాలు పూడుకున్నాయని తేల్చి, కొత్త మందు పరిశోధనలో చేర్చుకున్నారు. ఆ మందు ఇంకా అంగళ్లకు రాలేదు. చేరినవాళ్లలో సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే ఉండే పిండి మాత్ర ఇస్తారు. ఎవరిది ఏదో డాక్టరుకు కూడా తెలియదట. ఆడవాళ్లను ఇందులో చేర్చుకోరంటూ నర్సు అవ్వకు ఆయాసానికి వేరే చీటీ రాయించి ఇచ్చింది. “ఆడోళ్లకు గుండెకాయే లేదని మీ పుస్తకాల్లో రాసిండారేమో” అంది అవ్వ. నర్సు కూడా నవ్వింది.

అప్పటినుంచీ తాత ప్రతి నెలా బస్సెక్కి హిందూపురం పోయి మాత్రల డబ్బా తెచ్చుకుంటున్నాడు. నెలనెలకూ చిక్కిపోతున్నాడు. పోయినసారి డాక్టరు తెరమీద నాళాల బొమ్మ చూపించి, ఇంక మాత్రలతో అయ్యే పని కాదన్నాడు. ఆపరేషన్ ఆలస్యమైతే ప్రాణానికి తను పూచీ పడలేనన్నాడు. చేయించుకుంటే మాత్రం పరిశోధన నుంచి తప్పుకోవాలి, మిగిలిన డబ్బా తిరిగి ఇచ్చేయాలి.

“నీకు వచ్చింది పిండే తాతా. మందయితే నీకు ఇట్లయితాదా?”

“పిండి కాదు. మందే.”

“డాక్టరుకే తెలీదంటే నీకెట్ల తెలుసు?”

“నాకు తెలుసు.”

“ఎట్ల?”

ఆశీర్వాదం ఎదురొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నొప్పి తగ్గేదాకా ఝాన్సీ ఊపిరి బిగబట్టి చూసింది. నుదుటి మీద చెమట ఆమే తుడిచింది.

“ఎద కోస్తారంటే భయం పాపా. అట్లని రాయి.”

“ఎద్దు తొడలో పొడిస్తే మత్తుసూది లేకుండా కుట్లేయించుకున్న్యావంట. నాయన ఇప్పటికీ చెప్తాడు. ఇది రాస్తే ఫోన్లోనే నగుతాడు.”

“అయితే ముసిలోనికి మతి లేదని రాయి.”

నాగరత్నమ్మ నీళ్లబిందె నడుమున పెట్టుకుని లోపలికి వచ్చింది. బిందె దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. పోయిన ఎండాకాలంలో వీధి కొళాయి నుంచి ఇంటికి రావడానికి నాలుగు అరుగుల మీద కూర్చునేది.

“ఏమంటాండాడే మీ తాత?”

“మాత్రలు వదలడంట అవ్వా.”

“పెండ్లయిన కాడినుంచీ నన్ను ఇంత గట్టిగా పట్టుకున్న్యాడా చూడు. ఆ మాత్రల్నే కట్టుకోవల్సింది ఈయప్ప.”

“నువ్వు మాత్ర ఏసుకున్న్యావా?” అన్నాడు ఆశీర్వాదం.

“మోకాళ్లదా? పొద్దున నువ్వు చేతిలో పెడ్తేనే ఏసుకుంటి కదా. నా సంగతి ఇడ్సిపెట్టు.” ఆమె గొంతు తగ్గించింది. “సోమవారం కారెక్కు. నీకు మొక్కుతా. అయ్యగారు చర్చిలో నీకోసరం ప్రార్థన పెట్టిచ్చినాడు. నువ్వు ల్యాకపోతే ఈ ఇంట్లో నేనెవరితో కొట్లాడల్ల?”

ఆమె ఇంకో బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది. పోతూ పోతూ కళ్లు ఒత్తుకుంది.

ఝాన్సీ పెన్నుకు మూత పెట్టేసింది.

“నేను రాయను. నువ్వు చచ్చిపోతానని రాసుకొని పోయి నాయనకు చదవల్నా? నీకు ఆ మాత్రలు కావల్నా, మేము కావల్నా?”

“ఏడవొద్దు పాపా.”

“మల్ల నిజం చెప్పు.”

ఆశీర్వాదం వాకిలి వైపు చూశాడు. వీధి చివర కొళాయి దగ్గర నాగరత్నమ్మ ఎవరినో వరుస తప్పావని కసురుకుంటోంది. ఆయాసం లేని గొంతు. ఇక్కడిదాకా ఖణీమని వినిపిస్తోంది.

“ఇంతసేపూ చెప్పిందంతా ఇడ్సిపెట్టు” అన్నాడు. “కొత్తగా రాయి. బూత్‌లో తలుపేసుకొని మీ నాయనకొక్కనికే చదువు. మీ అవ్వ చెవిన పడకూడదు.”

ఝాన్సీ కన్నీళ్లు తుడుచుకుని మూత తీసింది.

“ఏమని రాయల్ల?”

“కిషోరూ, ఆ మాత్రలు మింగుతాండేది మీయమ్మ.”