సన్నని రంపం

బీడుపడిన నేలను మరల సేద్యానికి సిద్ధపరచడం భూమాతకు చేసే అర్చన. పంతొమ్మిదివందల నలభై తొమ్మిది తొలకరిలో, పెద్దేముల్ రైతు కిష్టప్ప ఆ కార్యానికై తాండూరులో ముక్తార్ ఇనుప సామాన్ల దుకాణం ముందు నిలిచాడు.

చేనులో పెరిగిన రేగుపొద కొట్టాలనగానే ముక్తార్ బరువైన గొడ్డలిని చూపాడు. కిష్టప్ప తల అడ్డంగా ఊపి, ఒక చిన్న చేతిరంపం అందుకున్నాడు.

“గంత రేగుపొద గీ పిల్లరంపంతోనా? కోసేసరికి నీ గడ్డం మోకాళ్ల దాక వస్తది, కిష్టప్పా!”

“గొడ్డలి దెబ్బకు వేర్ల కిందున్నది చెదురుతది, భాయ్.”

“ఏమున్నయి, లంకెబిందెలా?”

కిష్టప్ప నవ్వలేదు. వీధివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“వానకు మట్టి కొట్టుకపోయింది. వేర్ల నడుమ చేతి ఎముకలు తేలినయి. వేలికి నీలిరాయి ఉంగరమున్నది. పోయినేడు పోలీసు యాక్షన్ గడబిడల తప్పిపోయిన మీ తమ్మునిదే.”

ముక్తార్ గొడ్డలిని లోపల పెట్టి, రంపాల పండ్లను బొటనవేలితో తడిమి, అన్నిటికంటె సన్నని దానిని ఏరాడు.

“ఇది మెల్లగ కోస్తది. నడువు, తమ్మునికి చుట్టను కఫన్ గుడ్డ నేను తెస్త.”

ఆ చేను దున్నబోయే తరాలవారి నాగళ్లకు మట్టి తప్ప మరేమియు తగులకుండుగాక.