ఆరుగురే

కార్‌లోంచి రైస్ కుక్కర్ దించుతుండగా ముసలాయన వచ్చి నిలబడ్డాడు.

డెబ్బై దాటినవాడు. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిల్. నడుముకి వాకీటాకీ.

"నా పేరు వాల్టర్. ఎదురింట్లో ఉంటాను. మీరు ఎంతమంది?" అని ఇంగ్లీషులో అడిగాడు.

చక్రధర్ కుక్కర్ కింద పెట్టాడు.

"ఆరుగురం."

"పిల్లలతో కలిపా?"

"కలిపే."

ఆయన రాసుకుని వెళ్లిపోయాడు.

"ఓనర్ మనిషే," అన్నాడు పద్మనాభం. ఇద్దరిదీ బెంటన్‌విల్‌లో ఒకే ఆఫీస్. "ఏ ఊరని అడగలేదు, ఏం పనని అడగలేదు. తలలు లెక్కపెట్టుకుపోయాడు చూశావా గురూ!"

అది 2011 నవంబరు, థాంక్స్‌గివింగ్ సెలవులు. ఆరుగురికి ఒక్కరు మించినా ఇల్లు ఖాళీ చేయిస్తామని వెబ్‌సైట్‌లో ఉంది. రెండు జంటలు, చెరో బిడ్డ. ఏడో మనిషి చక్రధర్ భార్య రేణు తల్లి, వసంతలక్ష్మి.

అసలు హోటల్ వద్దనుకుని సరస్సు ఒడ్డున ఇల్లు అద్దెకి తీసుకున్నదే ఆవిడ కోసం. బయట వండింది ఆవిడ ముట్టదు.

"అత్తయ్యగారూ, ఆయన కనబడితే మీరు మేడెక్కేయండి," అన్నాడు చక్రధర్. "ఈ మూడు రోజులూ మీరు లెక్కలో లేరు."

"లెక్కలో లేనిదానికి వంటింట్లో ఏం పని బాబూ? గారెలు మీరే వేసుకోండి," అంది వసంతలక్ష్మి, పిండి గిన్నెలోంచి చెయ్యి తీయకుండా.

అందరూ నవ్వారు.

మర్నాడు పొద్దున వాల్టర్ మళ్లీ వచ్చాడు.

"మేడ మీద లైటు కనబడింది. అక్కడ ఎవరైనా పడుకుంటున్నారా?"

"లేదు. సామాను పెట్టుకున్నాం."

"ఆరుగురేనా? కచ్చితంగా?"

చక్రధర్ గొంతు పెరిగింది.

"ఆరుగురే. ఇంకోసారి వస్తే పోలీసుల్ని పిలుస్తాను."

వాల్టర్ ఏదో చెప్పబోయాడు. చక్రధర్ తలుపు వేసేశాడు.

మధ్యాహ్నం వాన మొదలైంది. వరండాలో బొగ్గుల గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు సగమే కాలాయి.

"గ్రిల్ హాల్లోకి తెచ్చేద్దాం. చలి కూడా కాచుకోవచ్చు," అన్నాడు పద్మనాభం. "మా నాయనమ్మ చలికాలమంతా మంచం పక్కనే కుంపటి పెట్టుకునేది. తొంభై ఏళ్లు బతికింది."

నాయనమ్మ ఇంటికి బొగ్గుల విషవాయువు పోయేందుకు పెంకుల సందులుండేవి. ఈ ఇంటికి చీమ దూరే సందు లేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

పొత్తులు తిన్నారు. పిల్లలు కార్పెట్ మీదే నిద్రపోయారు. రేణు తలనొప్పిగా ఉందంది. వసంతలక్ష్మి నడుం వాలుస్తానని లేచింది.

"మేడ మీద తలుపు వేసుకోండి అత్తయ్యగారూ. లైటు మాత్రం వెయ్యకండి," అన్నాడు చక్రధర్, సోఫాలో వెనక్కి వాలుతూ.

"నేను లేనుగా బాబూ, లైటెందుకు?" అంటూ ఆవిడ మెట్లెక్కింది.

అతనికి గుర్తున్న ఆఖరి మాట అదే.

కళ్లు తెరిచేసరికి తడిగడ్డి మీద ఉన్నాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్క్. పక్కన ఐదుగురు వరసగా పడుకుని ఉన్నారు. రేణు దగ్గుతోంది. ఫైర్ ట్రక్కు అప్పుడే వచ్చి ఆగినట్టుంది.

వాల్టర్ రెండు చేతులకీ నెత్తురు. అద్దాల తలుపు పగిలి ఉంది. హాల్లో పడి ఉన్నవాళ్లని అద్దంలోంచి చూసి, అందరినీ ఆయనొక్కడే ఈడ్చుకొచ్చాడు.

ఆయన ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు.

"ఆరు," అన్నాడు ట్రక్కువాళ్లతో. "ఇంట్లో ఇంకెవరూ లేరు. అందరినీ తెచ్చి అరగంటైంది."

చక్రధర్ మాస్క్ లాగేశాడు.

"ఏడు," అన్నాడు.

వాల్టర్ అతని వంక చూశాడు. తర్వాత మేడ కిటికీ వంక చూశాడు. ట్రక్కువాళ్ల కంటే ముందు ఆయనే లోపలికి పరిగెత్తాడు.

వసంతలక్ష్మిని కిందికి తెచ్చినప్పుడు శాలువా ముఖం మీద దాకా కప్పి ఉంది.

సాయంత్రం షెరిఫ్ ఆఫీస్ నుంచి ఒకాయన ఆస్పత్రికి వచ్చాడు.

"ఆరని ఎందుకు చెప్పారు?"

"ఓనర్ పంపిన మనిషనుకున్నాను," అన్నాడు చక్రధర్. "రెండుసార్లు వచ్చి అడిగాడు."

వచ్చినాయన రాయడం ఆపాడు.

"ఆ ఓనరెవరో వాల్టర్‌కి తెలియదు," అన్నాడు. "ట్రక్కు ఆ ఒడ్డుకి చేరాలంటే నలభై నిమిషాలు, అంతవరకూ అక్కడున్న ఇరవై ఇళ్లకీ ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయనొక్కడే."