మూడో రాయి

"అది పొయ్యి కింద పెట్టే రాయి కాదయ్యా. ఇటిచ్చెయ్," అంటూ కారులోంచి సగం దిగి చెయ్యి చాపాడు దేవరాజు.

కిష్టయ్య ఇవ్వలేదు. సకల జనుల సమ్మె రోజులవి. ఆ పూట గచ్చిబౌలి చౌరస్తాలో వంటావార్పు. రాష్ట్రం కావాలంటూ గోపన్‌పల్లి వాళ్లంతా వచ్చి, నడిరోడ్డు మీద పొయ్యి వెలిగించారు. తీరా ఎసరు పెట్టాక మూడు ఇటుకల్లో ఒకటి పుటుక్కున విరిగి, యాభై మందికి వండే గుండిగ ఒక పక్కకు ఒరిగింది. సరిగ్గా అప్పుడే, ఆపిన కార్లలో ఒక పెద్దాయన సంచీని పసిబిడ్డలా పొట్టకు హత్తుకుని కూర్చోవడం ఎల్లేశం కంట పడింది. కుర్రవాడికి అనుమానం వచ్చి విప్పించాడు. లోపల బట్టలో చుట్టిన రాయి. బెల్లం అచ్చంత ఉంది.

"ఎవరి మీద ఇసరనీకి సారూ?" అని ఎల్లేశం అడుగుతుండగానే కిష్టయ్య దాన్ని అందుకున్నాడు. ముప్పై ఏళ్లు గుట్టల మీద రాళ్లు కొట్టిన చెయ్యి అతనిది. ఆ బరువు ఎక్కడో తెలిసిన బరువులా అనిపించింది గానీ, ఆలోచించే తీరిక లేదు. విరిగిన ఇటుక మీద పెట్టాడు. కొలిచినట్టు సరిపోయింది. గుండిగ నిలబడింది.

దేవరాజు మాత్రం పొయ్యి చుట్టూ తిరుగుతూ మొత్తుకున్నాడు. అది ఎఫెసు రాయట. టర్కీ దేశంలో గ్రీకులు కట్టి, రోమన్లు ఏలి, ఇప్పుడు విరిగిన స్తంభాలు మాత్రం మిగిలిన పాత పట్నం. రెండేళ్ల కిందట చర్చి వాళ్లతో కలిసి చూడబోయి, నాటకశాల మెట్ల దగ్గర ఎవరూ చూడకుండా ఆ రాయిని సంచిలో వేసుకొచ్చాడు. వచ్చిన నెలకే నడుం పట్టేసింది. దొంగసొమ్ము ఇంట్లో ఉంటే నడుం ఎలా నిలుస్తుందని భార్య సుగుణ పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ అంటూ వచ్చింది. బడిలో ముప్పై రెండేళ్లు పిల్లలకు నీతి చెప్పిన మనిషి. అటక మీది ఆ రాయి వైపు కన్నెత్తి చూడటానికి కూడా భయపడ్డాడు. చివరికి ఎక్కడిది అక్కడే పెట్టి రావడానికి బయలుదేరాడు. సుగుణే దాన్ని దించి బట్టలో చుట్టింది. సాయంత్రం ఆరింటికి విమానం.

కిష్టయ్యకు నవ్వొచ్చింది. "రాళ్లు చూడనీకి విమానంల పోయిన్రా సారూ? గిక్కడ లేకనా?"

"అది రెండు వేల ఏళ్ల నాటి పాలరాయి."

"మరి నల్లగున్నది?"

"నా దగ్గర రెండేళ్లు ఉంది కదయ్యా," అన్నాడు దేవరాజు దిగులుగా. "నా పాపం అంటింది."

అన్నం దిగగానే ఇచ్చేస్తానని కిష్టయ్య మాటిచ్చాడు. ఎలాగూ భోజనాలయ్యేదాకా కార్లు కదలవు. రాయిని వదిలేసి ఏదో ఒక దారిన పోదామని సుగుణ అంటే, అది లేనప్పుడు ఎఫెసులో తనకేం పని, కారు వెనక్కి తిప్పిస్తానన్నాడు దేవరాజు. ఆ మాటకు ఆమె మొహం వాడిపోయింది. పోయినసారి, విరిగిన రాళ్లు నువ్వేం చూస్తావులే అని ఇంట్లో వదిలేసి వెళ్లాడట. ఇంతవరకూ ఆమె విమానం ఎక్కి ఎరగదు. చలికని కొన్న స్వెట్టర్ను ఈ ఎండలో చేతి మీద వేసుకుని తిరుగుతోంది.

ఇక ఆమె స్వెట్టర్ కారులో పడేసి, కొంగు బిగించి పొయ్యి ముందు కూర్చుంది. అన్నం ఎంత తొందరగా ఉడికితే రాయి అంత తొందరగా వస్తుంది. పుల్లలు ఎగదోస్తూ, గొట్టంతో ఊదుతూ, ఆడవాళ్లందరినీ హడావుడి పెట్టేసింది. ఆంధ్రా అమ్మ తెలంగాణ కోసం ఇంత కష్టపడుతోందని ఎల్లేశం మురిసిపోయి మైకులో కూడా చెప్పాడు.

నినాదాలు హోరెత్తాయి. ఎఫెసు నాటకశాలలోనూ ఒకనాడు జనం ఇలాగే చేరి, రెండు గంటలు ఆపకుండా అరిచారని దేవరాజు ఎవరూ అడగకపోయినా చెప్పాడు.

"మరి ఇచ్చిన్రా?" అన్నాడు ఎల్లేశం.

"ఏమిటి?"

"రాష్ట్రం."

"వాళ్లడిగింది రాష్ట్రం కాదు బాబూ."

ఎల్లేశానికి ఆ ఊరి మీద మోజు పోయింది.

రెండింటికి అన్నం దిగింది. చుట్టూ ఉన్న అద్దాల మేడల్లోంచి, మెడలో కార్డులు వేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు కూడా వచ్చి విస్తరాకులతో వరసలో నిలబడ్డారు. దేవరాజుకు మొదటి విస్తరి ఇచ్చారు. అతను పొయ్యి వైపు చూస్తూనే తిన్నాడు.

కిష్టయ్యకు అసలు గుబులు అప్పుడు మొదలైంది. పాలరాయి అంత మంటకు తట్టుకోదు, పెట్లిపోతుంది. పెద్దాయనకు ముక్కలిస్తే ఏం చేస్తాడు? తడి గోనెతో పట్టి బయటికి లాగాడు. రాయి చెక్కు చెదరలేదు. చల్లారాక నీళ్లు పోసి మసి రుద్దుతుంటే, ఒక పక్కన వేలు పట్టేంత గాడి కనిపించింది. అందులో బొటనవేలు పెట్టి కొలిచి చూశాడు.

దేవరాజు రాయిని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, వెళ్లి కారులో కూర్చున్నాడు. సుగుణ చేతులు కడుక్కుంటుంటే కిష్టయ్య చెంబుతో నీళ్లు పోస్తూ గొంతు తగ్గించాడు.

"అమ్మా, సారుకు చెప్పనీకి నాకు మనసొస్తలేదు. గా గాడి మందు పెట్టి పేల్చనీకి మేం తొలిసింది. గది మా గోపన్‌పల్లి గుట్ట రాయి."

సుగుణ ఒకసారి కారు వైపు చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"గట్టిగా అనకన్నయ్యా. వీధిలో పోసిన రాళ్లలో ఒకటి చుట్టి, అసలుది బియ్యం డబ్బాలో దాచాను. ఒక్క ప్రయాణంతో సరిపెట్టుకోమంటావా?"